కెమెరాకు వీపు పెట్టిన విలేఖరి

మన టీవీలో చర్చ అంటే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆరుగురు కూర్చుంటారు, ఆరుగురూ ఒకేసారి మాట్లాడతారు, వాళ్ళందరికన్నా అడిగేవాడి గొంతే పెద్దది. ఎదుటి మనిషి నోరు తెరవకముందే వీరి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇదంతా చూసి చూసి ప్రశ్న వేయడం తేలికనీ, కష్టమంతా జవాబు చెప్పడంలోనే ఉందనీ మనలో ఒక నమ్మకం స్థిరపడిపోయింది. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. జవాబు చెప్పేవాడికి తన బతుకు తనకు తెలుసు. అడిగేవాడు మాత్రం ఇంకొకరి బతుకును కష్టపడి చదువుకుని రావాలి. అలా చదువుకుని వచ్చి, మధ్యలో విరామాలున్నా నలభై ఏళ్ళపాటు అడిగిన ఒక మనిషి గురించి ఈ నాలుగు మాటలు.

ఆయన పేరు గుంటర్ గౌస్. జర్మనీ దేశస్థుడు. సైన్సు చదివే కుర్రాడికి జర్మనీ విలేఖరితో ఏం పని అని మా లెక్చరర్లు అడిగితే అడగవచ్చు. హైడ్రోజన్ బాంబు ఎడ్వర్డ్ టెల్లర్ గురించి వెతుకుతుంటే ఈయన తగిలాడు. టెల్లర్‌ను కూర్చోబెట్టి ప్రశ్నలడిగినవారిలో ఈయన ఒకడు. తరువాత హాస్టల్ గదిలో మిత్రుడి ఫోనులో, కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ, ఈయన చేసిన మరికొన్ని సంభాషణలు చూశాను. పరీక్షల ముందు చూడవలసినవి కావు సుమా, ఒక్కొక్కటి సుమారు గంట.

గౌస్ 1929 నవంబరు 23న బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో పుట్టాడు. అమ్మానాన్నలది కూరగాయల వ్యాపారం. హిట్లర్ పాలన ముగిసేనాటికి ఆయనకు పదిహేనేళ్ళు. మ్యూనిక్‌లో సాహిత్యం, చరిత్ర చదివి పత్రికల్లో చేరాడు. కొన్నాళ్ళు ‘డెర్ ష్పీగెల్’ వారపత్రిక, తరువాత మ్యూనిక్ దినపత్రిక ‘జ్యూడ్‌డాయిచె ట్సైటుంగ్’. అప్పటికి ఆయన రాజకీయాలు రాసే విలేఖరుల్లో ఒకడు, అంతే. అలాంటివారు ఆ దేశంలో చాలామందే ఉండి ఉంటారు.

1963 ఏప్రిల్ 1న పశ్చిమ జర్మనీలో రెండో టెలివిజన్ సంస్థ జెడ్.డి.ఎఫ్. ప్రసారాలు మొదలుపెట్టింది. పదిరోజులు తిరక్కుండా, ఏప్రిల్ 10న, గౌస్ ‘ట్సూర్ పెర్జోన్’ అనే కార్యక్రమం ప్రారంభించాడు. ‘ఈ వ్యక్తి గురించి’ అని మనం చెప్పుకోవచ్చు. మొదటి అతిథి లుడ్విగ్ ఎర్హార్ట్. అప్పుడాయన ఆర్థికమంత్రి, ఆ ఏడాది అక్టోబరులోనే ఛాన్సలర్ అయ్యాడు. తరువాత అడెనవర్ వచ్చాడు, విల్లీ బ్రాంట్ వచ్చాడు, రచయిత గుంటర్ గ్రాస్ వచ్చాడు.

అందులో చూడవలసిన వింత ఒకటుంది. అడిగేవాడి ముఖం కనబడదు! రెండు కుర్చీలు, వెనక చీకటి. కెమెరా అతిథి ముఖం మీద నిలిచి ఉంటుంది. గౌస్ వీపు, వెనుక తల మాత్రం అప్పుడప్పుడూ ఒక మూల కనబడతాయి. దేశంలోకెల్లా పేరుపొందిన వెనుక తల ఆయనదేనని జర్మన్లు హాస్యమాడేవారట. టీవీలోకి వచ్చిన మనిషి తన ముఖం జనానికి చూపించుకోకపోవడం! మన ఊళ్ళో పెళ్ళి వీడియోలో కూడా కెమెరా తిరిగితే జుట్టు సవరించుకోనివాడు దొరకడు. ప్రశ్నకు ముఖం అక్కరలేదు, జవాబుకు కావాలి. అతిథి ఆలోచిస్తున్నప్పుడు కనురెప్పలు ఎలా కదిలాయో, సిగరెట్టు ఎప్పుడు వెలిగించాడో, ఎక్కడ మాట తడబడిందో మనం చూస్తూ కూర్చుంటాం. జవాబులో సగం అక్కడే ఉంటుంది. ఆ మౌనాన్ని గౌస్ తన మాటలతో పూడ్చడు. ఆగుతాడు. ఈ ఆగడం నాకు అన్నిటికన్నా కష్టమైన విద్య అనిపించింది.

ఆయన పద్ధతి కూడా చెప్పాలి. ముందుగా అతిథి పుట్టుక, చదువు, ఉద్యోగం నాలుగు ముక్కల్లో చెప్తాడు. తరువాత ఇల్లు, తండ్రి, చిన్నతనం గురించి అడుగుతాడు. రాజకీయం వెంటనే ఎత్తుకోడు. ఈ మనిషి ఈ అభిప్రాయానికి ఏ దారిన వచ్చాడు అన్నది తేలాకే అభిప్రాయం జోలికి వెళ్తాడు. ఎక్కడా గొంతు పెంచడు. అలాగని మర్యాద పేరు చెప్పి వదిలేయడు కూడా. జవాబు దాటవేస్తే అదే ప్రశ్నను ఇంకో వైపు నుంచి మళ్ళీ పెడతాడు. ఇంతకీ ఆయనలో లోపమే లేదా అంటే ఉంది. ప్రశ్నలు మరీ పొడుగు. కొన్ని వాక్యాలు మొదలెక్కడో చివరెక్కడో తెలియదు, జవాబు కన్నా ప్రశ్నే పెద్దదైన సందర్భాలున్నాయి. పంతులుగారి ధోరణి కొంచెం కనిపిస్తుంది.

1964 అక్టోబరు 28న ప్రసారమైన సంభాషణ మాత్రం తప్పక చూడదగినది. అతిథి హన్నా ఆరెంట్. జర్మనీలో పుట్టిన యూదు స్త్రీ, హిట్లర్ వచ్చాక 1933లో దేశం వదిలి, ఫ్రాన్సు మీదుగా అమెరికా చేరి అక్కడ స్థిరపడిన రాజకీయ చింతకురాలు. ఈ వరుసలో కూర్చున్న మొదటి స్త్రీ ఆవిడే. అంటే ఏడాదిన్నర పాటు ఆ కుర్చీలో ఒక్క ఆడమనిషీ కూర్చోలేదన్నమాట! అది గౌస్ లోపమో ఆనాటి జర్మనీ లోపమో మీరే ఆలోచించండి. పైగా మొదటి ప్రశ్నే, మగవాళ్ళ వృత్తి అని పేరున్న తత్త్వశాస్త్రంలో మీరెలా ఉన్నారు అన్న ధోరణిలో సాగుతుంది. ఆవిడ ఊరుకోలేదు. నేను తాత్త్వికురాలిని కాను, నాది రాజకీయ సిద్ధాంతం అని మొదట దిద్దింది. తత్త్వశాస్త్రం ఎల్లకాలం మగవాళ్ళదిగానే ఉండిపోనక్కరలేదని తరువాత చెప్పింది. ప్రశ్న బాగాలేకపోయినా జవాబు బాగుండవచ్చు. అయితే అందుకు అడిగినవాడు అడ్డుపడకుండా ఊరుకోవాలి. గౌస్ ఊరుకున్నాడు.

ఆ గంటలోనే ఇంకొక ప్రశ్న వస్తుంది. హిట్లర్‌కు ముందున్న ఐరోపాలో మీకిప్పుడు ఏం మిగిలింది అని. భాష మిగిలింది అంటుంది ఆవిడ. మాతృభాషను పోగొట్టుకోవడానికి తెలిసి తెలిసి ఒప్పుకోలేదట. ఫ్రెంచి మాట్లాడింది, ఇంగ్లీషులో రాసింది, కాని చిన్నప్పుడు కంఠతా పట్టిన జర్మన్ పద్యాలు మనసు అడుగున ఎప్పుడూ కదులుతూ ఉంటాయని చెప్పింది. హిట్లర్‌కు పిచ్చి పట్టింది గాని జర్మన్ భాషకు పిచ్చి పట్టలేదు కదా అన్న అర్థంలో మాట్లాడింది. ఆ సంభాషణ అచ్చయినప్పుడు పెట్టిన శీర్షికలో కూడా, మిగిలేది మాతృభాషే అన్న మాటే ఉంది. ఇది చెప్పిన మనిషి ఇంగ్లీషు రానిది కాదు. 1951లో వచ్చిన ఆవిడ పెద్ద గ్రంథం, నిరంకుశత్వం పుట్టుక గురించినది, ఇంగ్లీషులోనే వెలువడింది.

ఈ మాట దగ్గర నేను ఫోను ఆపి చాలాసేపు ఆలోచించాను. పదో తరగతి దాకా తెలుగులో చదువుకుని డిగ్రీలో ఇంగ్లీషు మీడియంలో పడినవాళ్ళం ఈ కళాశాలలో సగానికి పైగా ఉంటాం. పాఠం అయ్యాక ‘ఎనీ డౌట్స్’ అంటారు. క్లాసంతా నిశ్శబ్దం. డౌట్లు లేక కాదు. డౌటు తెలుగులో పుడుతుంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేలోపు గంట కొట్టేస్తారు. ఎంట్రోపీ ఎందుకు పెరుగుతుంది సార్ అని తెలుగులో అడిగితే ఎంట్రోపీకి వచ్చే నష్టమేమీ లేదు. జవాబు ఇంగ్లీషులో చెప్పండి, పరీక్ష ఇంగ్లీషులో రాస్తాం, అభ్యంతరం లేదు. కాని ప్రశ్న వేయడానికి మాత్రం అమ్మ నేర్పిన భాషను క్లాసులోకి రానివ్వాలని లెక్చరర్లకు ఈ పుస్తకం ద్వారా మనవి చేసుకుంటున్నాను. నవ్వకుండా వింటే చాలు.

గౌస్ 1965లో బాడెన్-బాడెన్‌లోని ‘జ్యూడ్‌వెస్ట్ ఫుంక్’ అనే రేడియో, టెలివిజన్ సంస్థకు కార్యక్రమాల డైరెక్టరయ్యాడు. సంభాషణలు ఇంకో పేరుతో సాగాయి. విద్యార్థి సంఘం వాళ్ళం కాబట్టి మనం ముఖ్యంగా చూడవలసినది 1967 డిసెంబరు 3న వచ్చింది. అతిథి రూడి డుచ్కె, వయసు 27, పశ్చిమ బెర్లిన్ విద్యార్థి ఉద్యమ నాయకుడు. చారల స్వెట్టరు వేసుకుని వచ్చి కూర్చున్నాడు. దేశంలోని పెద్ద పత్రికలు కొన్ని అతన్ని రాక్షసుడిగా చిత్రిస్తున్న కాలం అది. గౌస్ అతనితో ఏకీభవించే మనిషి కాడు. మీవాళ్ళు విద్యార్థుల్లో కూడా కొద్దిమందే గదా అని ముఖం మీదే అంటాడు. మీ విప్లవంలో ఎంతమంది చావాలి, అవసరమైతే ఆయుధం పడతారా అన్న ప్రశ్న దగ్గర వదిలిపెట్టడు. లాటిన్ అమెరికాలో ఉంటే పట్టేవాణ్ణే, నేనున్నది అక్కడ కాదు, ఇక్కడ ఆ అవసరం రాకుండా ఉండాలనే మా పోరాటం, కాని అది మా ఒక్కళ్ళ చేతిలో లేదు అని డుచ్కె జవాబు. ఒప్పుకుంటామా లేదా అన్నది తరువాతి సంగతి. పత్రికలు రాక్షసుడన్న మనిషి ఆ రాత్రి జనం ఇళ్ళలోకి వచ్చి, ఆలోచించి, పూర్తి వాక్యాలతో మాట్లాడి వెళ్ళాడు. నాలుగు నెలలు గడిచాక, 1968 ఏప్రిల్ 11న, బెర్లిన్ వీధిలో ఒకడు డుచ్కెను తుపాకీతో కాల్చాడు. తలకు తగిలిన ఆ గాయాల ఫలితంగానే 1979లో అతను చనిపోయాడు. గంటసేపు వినడం వల్ల ద్వేషమంతా పోతుందని దీన్నిబట్టి ఎవరూ అనలేరు. అయినా ఇవాళ అతని మాట అతని నోటి వెంటే మనకు వినబడుతోందంటే ఆ గంట వల్లనే.

ఇప్పుడు నాకు దగ్గరి సంగతి ఒకటి చెప్తాను. 2021-22లో మా పల్నాడు వైపు మిర్చిని నల్ల తామర పురుగు ఏం చేసిందో రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు. పూతలో దూరి పూతంతా రాల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఆ రోజుల్లో ఒక టీవీ ఛానెల్ వాళ్ళు మా ఊరొచ్చారు. మైకు పట్టుకున్న అబ్బాయి గట్టు దిగకుండానే, ‘బాబాయ్, ఎకరానికి ఎంత పోయింది?’ అన్నాడు. నాన్న లెక్క చెప్పాడు. ‘మీకెట్టా అనిపిస్తోంది?’ అన్నాడు. ఎట్టా అనిపిస్తుందండీ! నాన్న ఏదో అన్నాడు. అంతే, బండెక్కి వెళ్ళిపోయారు. రాత్రి వార్తల్లో నాన్న పది సెకన్లు కూడా లేడు. కింద ‘మిర్చి రైతు కన్నీరు’ అని అక్షరాలు పరుగెత్తాయి. నాన్న ఏడవనే లేదు.

ఆ పొలం ఎవరిది అని ఆ అబ్బాయి అడగలేదు. అడిగి ఉంటే సంగతి బయటికొచ్చేది. మేం వేసిన మూడెకరాల్లో రెండు కౌలువి. కౌలు డబ్బు ముందే కట్టేశాం. పంట పోయినా కట్టిన కౌలు తిరిగి రాదు. ప్రభుత్వం ఏదైనా ఇస్తే పట్టా ఉన్నవాళ్ళ పేరున పడుతుంది, మందుల కొట్టులో అప్పు మాత్రం నాన్న పేరున ఉంటుంది. ఎంత పోయింది అన్న మొదటి ప్రశ్నకు వచ్చేది ఒక అంకె. ఎవరిది పోయింది అన్న రెండో ప్రశ్నకు మా ఊళ్ళో సగం ఇళ్ళ కథ వస్తుంది. గౌస్‌ను చూస్తున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది ఆ రెండో ప్రశ్నే. ఊరికి రాకముందు ఒక పూట కూర్చుని, కౌలు అంటే ఏమిటో తెలుసుకుని వచ్చి ఉంటే ఆ అబ్బాయి కూడా దాన్ని అడిగేవాడే. అతన్ని తిట్టి లాభం లేదు. ఆ రోజు ఎన్ని ఊళ్ళు తిరగమన్నారో అతన్ని!

గౌస్‌తో నా తగువు కూడా ఇక్కడే ఉంది. ఆయన కుర్చీలో కూర్చున్నవారి జాబితా తీస్తే మంత్రులు, పార్టీ నాయకులు, రచయితలు, ఆచార్యులే ఎక్కువ. బ్రౌన్‌ష్వైగ్ సంతకు క్యాబేజీ తెచ్చే రైతును అలా కూర్చోబెట్టి మీ నాన్న ఏం చేసేవారు, మీరీ దారికి ఎలా వచ్చారు అని గంటసేపు అడిగితే ఎలా ఉండేది? కూరగాయలమ్మిన ఇంట్లో పుట్టినవాడు కాబట్టే అడుగుతున్నాను.

1969 నుంచి 1973 దాకా ఆయన ‘డెర్ ష్పీగెల్’ ప్రధాన సంపాదకుడు. తూర్పు దేశాలతో సఖ్యత కావాలన్న విల్లీ బ్రాంట్ విధానాన్ని బాహాటంగా సమర్థించాడు. ఆ తరువాత చేసిన పని చాలామందికి మింగుడు పడలేదు. పత్రిక వదిలి ప్రభుత్వంలో చేరాడు! 1974 నుంచి 1981 దాకా తూర్పు బెర్లిన్‌లో పశ్చిమ జర్మనీ శాశ్వత ప్రతినిధి. తూర్పు జర్మనీని పరాయి దేశంగా పశ్చిమం ఒప్పుకోలేదు గనక రాయబారి అనడానికి వీల్లేదు, అందుకని ఆ పేరు. రెండు ప్రభుత్వాల మధ్య రోడ్లు, రాకపోకల ఒప్పందాల మీద బేరాలు సాగించాడు. బెర్లిన్ నుంచి హాంబర్గ్ దాకా మోటారు రహదారి వేసే ఒప్పందం ఆయన కాలంలోనే, 1978లో, కుదిరింది. అడిగేవాడు అధికారంలో చేరవచ్చునా? చేరకూడదనే నా ఉద్దేశం. మన దగ్గర కలం పట్టినవారు పదవి పట్టడం, తిరిగి కలం పట్టడం చూస్తూనే ఉన్నాం, మళ్ళీ వారిని నమ్మడం కష్టం. గౌస్ విషయంలో ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. వెళ్ళినచోట కూడా ఆయన గమనించే పని మానలేదు. 1983లో రాసిన పుస్తకంలో తూర్పు జర్మనీని ‘గూళ్ళ సమాజం’ అన్నాడు. బయట పార్టీ చెప్పినట్టు నడుచుకుంటూ, లోపల చిన్న తోటలోనో నలుగురు స్నేహితుల మధ్యనో తమ బతుకు తాము బతికే జనం అని దాని భావం. ఆ మాట జర్మన్ భాషలో నిలిచిపోయింది. గోడ దగ్గర మనుషుల్ని కాల్చే ప్రభుత్వం పట్ల ఈయనకు ఇంత మెతకదనమేమిటని విమర్శించినవారూ ఉన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. గూటిలో హాయిగా ఉన్నవాడికైనా గూడు దాటే వీలు లేదు కదా!

1989 నవంబరు 9న గోడ తెరుచుకుంది. 1990లో ఆయన మళ్ళీ ‘ట్సూర్ పెర్జోన్’ ఎత్తుకుని, ఈసారి తూర్పు వాళ్ళను కూర్చోబెట్టాడు. దేశాలు కలిశాక తూర్పు వాళ్ళకు బోధించేవారేగాని వాళ్ళను అడిగేవారు తక్కువైన రోజుల్లో ఇది చిన్న పని కాదు. 1991 అక్టోబరులో వచ్చిన ఒక అతిథి వయసు 37, భౌతికశాస్త్రం చదివి తూర్పు బెర్లిన్ సైన్సు అకాడమీలో పనిచేసిన మనిషి, కొత్తగా మంత్రి అయింది. పేరు ఏంజెలా మెర్కెల్. పాస్టరు ఇంట్లో పెరగడం, ఆ రాజ్యంలో ఎంతవరకు లొంగాలి ఎక్కడ ఆగాలి అన్న లెక్కలు, వీటి గురించి ఎంత ఆచితూచి చెప్తుందో చూడాలి. తరువాత 2005 నుంచి 2021 దాకా ఆవిడే ఛాన్సలర్. ఆ రోజు చూడకుండానే గౌస్ 2004 మే 14న హాంబర్గ్‌లో చనిపోయాడు. చివరి ఏళ్ళ దాకా అడుగుతూనే ఉన్నాడు. 2001లో జైలుకు వెళ్ళి, హత్యానేరాలకు యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న క్రిస్టియన్ క్లార్ అనే తీవ్రవాదితో కూడా అదే నిదానంతో మాట్లాడాడు.

ఇక మన సంగతి. మన యూనియన్ ఏటా వార్షికోత్సవానికి ముఖ్య అతిథిని పిలుస్తుంది. బొకే, శాలువా, మెమెంటో, అతిథి గంటన్నర ఉపన్యాసం, వందన సమర్పణ. ఇన్నేళ్ళ సావనీర్లు తిరగేసినా అతిథిని ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగినట్టు ఫోటో గాని వార్త గాని కనబడలేదు. అడగడం అమర్యాద అనుకుంటాం కాబోలు. వచ్చే ఏడు కార్యవర్గానికి నా సూచన ఇది. వేదిక మీద రెండు కుర్చీలు చాలు. ఒకదానిలో అతిథి సభకు ఎదురుగా, రెండోదానిలో మన విద్యార్థి ఒకడో ఒకతో సభకు వీపు పెట్టి కూర్చోవాలి. నెలరోజుల ముందే వారికి పని అప్పగించాలి. అతిథి గురించి దొరికినదల్లా చదవాలి, లైబ్రరీలో పాత పేపర్ల కట్టలు విప్పాలి, అతిథి ఊరి వాళ్ళతో మాట్లాడాలి. ప్రశ్నలు తెలుగులో ఉండాలి. చప్పట్ల కోసం వేసే ప్రశ్నలు ముందే కొట్టేయాలి.

మొదటి అతిథి పేరు కూడా నేనే ప్రతిపాదిస్తున్నాను. మన హాస్టల్ మెస్‌లో తెల్లవారుఝామున నాలుగింటికి పొయ్యి వెలిగించే పెద్ద వంటాయన. మనలో చాలామంది పుట్టకముందు నుంచీ ఇక్కడే వండుతున్నాడు. మన సీనియర్లలో ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో ఆయనకు తెలుసు, ఆయనది ఏ ఊరో మనలో ఎవరికీ తెలియదు. కార్యవర్గం ఒప్పుకుంటే ఆ వీపు పెట్టే కుర్చీకి నా పేరు రాసుకోవచ్చు. చదువుకోవలసింది చాలా ఉంది, ఇప్పటినుంచే మొదలుపెడతాను.